ఏ కష్టం మనిషిని పెంచుతుంది?

ఎదగాలంటే కష్టపడాలని చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ మొదలు బి.వి. పట్టాభిరామ్ పుస్తకాల దాకా, వ్యక్తిత్వ వికాసానికి తెలుగులో పెద్ద పాఠకలోకమే ఏర్పడింది. పంజాగుట్టలో మెట్రో దిగితే విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు. పక్క స్టేషన్ అమీర్‌పేటలో దిగితే సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు. జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చే పిల్లలకు మొదట్లోనే చెవిన పడే మాట, కంఫర్ట్ జోన్ వదిలి రమ్మని. వదిలాక పడాల్సిన కష్టం ఎలాంటిదో మాత్రం విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. కొత్త పాఠం తలకెక్కక తికమకపడటం ఒక కష్టం. ఇంటి నుంచి తెచ్చిన డబ్బు కరిగిపోతుంటే ఇరుకు గదిలో నిద్రపట్టకపోవడం ఇంకో కష్టం. కొన్నాళ్లకు సొంత ఊరూ సొంతవాళ్ల తీరూ తనకే పరాయిగా అనిపించడం మూడోది. మూడింటినీ ఒకే గాటన కట్టి ‘కష్టే ఫలి’ అనేస్తున్నాం. ఈ వ్యాసం వాదన ఇది: నేర్పేది మొదటి కష్టమే, అయినా దాన్ని లేకుండా చేస్తామన్న మాటకే ఇక్కడ గిరాకీ ఎక్కువ. రెండోది నేర్పేదేమీ లేదు, అయినా దానికే దండలు వేస్తున్నాం. మూడోది చాలామందికి తప్పనిది, దాని ఊసే ఎత్తడం లేదు.

అమీర్‌పేట ఎందుకు పుట్టిందో గుర్తుంచుకుంటే తప్ప ఈ మాటలు న్యాయంగా ఉండవు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికే, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖు తప్పుతాయన్న వై2కె భయం పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ తెలిసినవాళ్ల కోసం అమెరికా ఎదురుచూస్తోంది. ఏటా 65 వేలుగా ఉన్న హెచ్1బి వీసాల పరిమితి 1,15,000కు, తర్వాత 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000కు పెరిగింది. హుడా మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్, వాటి వెనక సందులు ఆ గిరాకీ చుట్టూ అల్లుకున్నాయి. ఆ తర్వాత డాట్‌కామ్ బుడగ పేలింది, వీసాల పరిమితి మళ్లీ 65 వేలకు దిగింది, అమీర్‌పేట మాత్రం నిలబడింది. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేదింటి పిల్లలకు ఇంజినీరింగ్ తలుపులు తెరిచింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. చాలా కాలేజీల్లో డిగ్రీ చేతికొచ్చింది కానీ ఉద్యోగానికి పనికొచ్చే చదువు చేతికి రాలేదు. ఆ లోటు పూడ్చే పని కార్పొరేట్ శిక్షణతో పోలిస్తే ఎంతో తక్కువ ఫీజుకు ఈ సందులు నెత్తికెత్తుకున్నాయి. జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్, శాప్, డెవాప్స్, డేటా సైన్స్... మార్కెట్ ఏది అడిగితే అది నెలల్లో ఇక్కడ బోర్డు మీదికి ఎక్కింది. ఎన్నో కుటుంబాల్లో మొదటి జీతగాడిని, మొదటి జీతగత్తెను నిలబెట్టిన చోటు ఇది. దీన్ని చులకనగా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

ఇక నేర్చుకోవడంలో ఉండే కష్టం సంగతి. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి రాసిన వ్యాసం ఈ చర్చకు పునాది. మనిషిని మెరుగుపరిచే సాధన ఆడుతూ పాడుతూ సాగేది కాదనీ, తన తప్పు మీదే పనిగట్టుకుని మళ్లీ మళ్లీ కూర్చోవాలనీ వాళ్లు తేల్చారు. ఆ మరుసటి ఏడాది రాబర్ట్ బ్యోర్క్ ఇంకాస్త ముందుకెళ్లి, నేర్చుకునేటప్పుడు కొన్ని ఇబ్బందులు కావాలనే పెట్టాలన్నారు. 2008లో నేట్ కోర్నెల్, బ్యోర్క్ చేసిన ప్రయోగం మరీ ఆసక్తికరం. కొందరు చిత్రకారుల శైలులను గుర్తుపట్టడం నేర్పుతూ, ఒక్కొక్కరి బొమ్మలను వరసగా చూపించడం ఒక పద్ధతిగా, అందరివీ కలిపి చూపించడం ఇంకో పద్ధతిగా పెట్టారు. కలిపి చూసినవే జనం బాగా గుర్తుపట్టారు. ఏది మేలని అడిగితే మాత్రం ఎక్కువమంది వరసగా చూపించడం వైపే మొగ్గారు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లోనూ ఇదే తేలింది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లకు బాగా వచ్చేసినట్టు అనిపించింది, తామే లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లకు సరిగా రానట్టు అనిపించింది. పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చింది కుస్తీ పట్టినవాళ్లకే. అంటే మనకు ఎంత వచ్చిందో చెప్పడంలో మన మనసే నమ్మదగిన సాక్షి కాదు. హాయిగా ఉన్నప్పుడు వచ్చేసిందంటుంది, నలుగుతున్నప్పుడు రావడం లేదంటుంది. సాధన ఒక్కటే అన్నీ తేల్చేస్తుందని నేననడం లేదు. 2014లో బ్రూక్ మెక్‌నమారా బృందం ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, ఫలితాల్లో కనిపించే తేడాల్లో సాధన వాటా మనం అనుకున్నంత పెద్దది కాదని చూపింది. కానీ అందువల్ల సాధన అక్కర్లేదని ఎవరూ తేల్చలేదు.

ఇది మనసులో పెట్టుకుని మైత్రీవనం వెనక ఒక పెద్ద బ్యాచ్‌ను దగ్గర్నుంచి చూడండి. కుర్చీలకు కుర్చీలు ఆనుకుని ఉంటాయి, సార్ చేతిలో మైకు ఉంటుంది. ఆయన బోర్డు మీద రాసే ప్రతి అక్షరం నోట్‌బుక్కుల్లోకి ఎక్కుతుంది. రాసుకోలేకపోయినవాళ్లకు కింద జిరాక్స్ షాపులో అదే సార్ రన్నింగ్ నోట్స్ స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతుంది, కొట్టివేతలతో సహా ఎవరిదో చేతిరాత. ఇక్కడి సార్లలో విషయాన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పే గొప్ప ఉపాధ్యాయులున్నారు, అందులో సందేహం లేదు. చిక్కు వాళ్ల లోపంలో లేదు, వాళ్ల నైపుణ్యంలోనే ఉంది. అంత తేటగా చెబుతుంటే వినేవాడికి తనకే వచ్చేసినట్టుంటుంది. సాయంత్రం గదికెళ్లి ఖాళీ తెర ముందు కూర్చుని ప్రోగ్రామ్ మొదలుపెడితే మొదటి వరుస దగ్గరే చేతులు ఆగిపోతాయి. నేర్చుకోవడం మొదలయ్యేది సరిగ్గా అక్కడ. కానీ ఆ చోటుకు తీసుకెళ్లి పక్కన నిలబడే మనిషి ఫీజులో రాడు. వచ్చేది మెటీరియల్, వంద ఇంటర్వ్యూ ప్రశ్నలు, వాటి జవాబులు. పిల్లలను చేర్చుకోవడానికి వేసే ఎరల్లో ముఖ్యమైనది ఉచిత డెమో. మొదటి రెండు మూడు క్లాసులు ఎంత హాయిగా సాగితే అంతమంది చేరతారు. హార్వర్డ్ ప్రయోగం చెప్పినదాని ప్రకారం విద్యార్థి తన మేలును తప్పుగా అంచనా వేసేది కూడా అప్పుడే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేకపోయినా, నలిగేలా నేర్పే సెంటరు ఖాళీగానూ హాయిగా చెప్పే సెంటరు కిటకిటలాడుతూనూ ఉంటాయి.

ఇంగ్లిష్ విషయంలో ఈ చిక్కు ఇంకా పాతది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో వెంకటేశానికి ఇంగ్లిష్ వచ్చిందని ఇంట్లోవాళ్లను నమ్మించడానికి గిరీశానికి కాసిన్ని కంఠస్థం ముక్కలు సరిపోయాయి. వినేవాళ్లకు ఆ భాష రాదు గనక సరిపోయాయి. ఇంటర్వ్యూ గదిలో ఎదుట కూర్చున్నవాళ్లకు వస్తుంది. అయినా మన పిల్లలు సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పడుతున్నారు. తండ్రి పేరు, ఊరి పేరు, తన బలాలు, తన బలహీనతలు, అన్నీ ఇంకొకరు రాసిచ్చిన వాక్యాల్లో. తన గురించి తాను చెప్పుకునే నాలుగు ముక్కలకు కూడా సొంత మాట వెతుక్కునే అవకాశం ఇవ్వకపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. ఇంగ్లిష్‌తో ఒరిగేదేముందని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2005 నాటి జాతీయ సర్వే లెక్కలతో మెహతాబుల్ ఆజం, ఎయిమీ చిన్, నిషిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనం ప్రకారం, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే మగవాళ్లకు అసలు రానివాళ్లకంటే గంటకు సగటున 34 శాతం ఎక్కువ కూలి గిట్టింది. వచ్చీరాని ఇంగ్లిష్‌కు కూడా 13 శాతం ఎక్కువ. కాబట్టి నేర్చుకోవాల్సిందే. నేర్చుకోవాలంటే నలుగురిలో తప్పు మాట్లాడాల్సిందే.

‘భయపడే పిల్లవాణ్ని ఇంకా ఇబ్బంది పెడితే నోరే పెగలదు కదా’ అన్న అభ్యంతరం సబబైనదే. పరాయి భాష మాట్లాడేటప్పుడు పట్టుకునే ఆందోళనను 1986లోనే ఎలేన్ హార్విట్జ్ బృందం కొలిచి చూపింది. ఆ భయం మితిమీరితే వచ్చిన మాట కూడా పోతుంది. దీనికి జవాబు ఇబ్బందిని తీసేయడంలో లేదు, దానికి వేరే అర్థం చెప్పడంలో ఉంది. కెయిట్లిన్ వూలీ, అయెలెట్ ఫిష్‌బాక్ 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, షికాగోలో ఆశునాటకం నేర్చుకునే కొందరికి, ఇవాళ మీకు ఎబ్బెట్టుగా అనిపించాలి, అలా అనిపిస్తే పని జరుగుతున్నట్టే లెక్క అని ముందే చెప్పారు. ఆ మాట విన్నవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువసేపు వేదిక మీద నిలబడ్డారు, ఎక్కువ సాహసం చేశారు. నవ్వకుండా వినే పదిమంది, తప్పును తప్పుగా చెప్పి మళ్లీ మాట్లాడించే ఒక మనిషి, రోజూ కాసేపు. స్పోకెన్ ఇంగ్లిష్ తరగతికి ఇంతకంటే కావాల్సిన సరంజామా లేదు. ఎగతాళి కలిసిందంటే అది నేర్పే ఇబ్బంది కాకుండా పోతుంది.

నేర్చుకునే కష్టాన్ని దాటవేస్తే అది ఎక్కడికీ పోదు, వడ్డీతో తిరిగొస్తుంది. లేని అనుభవాన్ని బయోడేటాలో పెట్టుకుని ఉద్యోగంలో చేరినవాడు రోజూ దొరికిపోతానేమోనన్న గుబులుతో బతకాలి. తన బదులు వేరొకరు ఇంటర్వ్యూ ఇస్తే ఆ గుబులు మొదటిరోజు నుంచే మొదలు. 2011లో కాలిఫోర్నియాలో, చదువు పేరుతో వీసా దారి అమ్మిన ట్రై వ్యాలీ యూనివర్సిటీ బండారం బయటపడినప్పుడు మన పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు తగిలించిన దృశ్యం తెలుగునాట ఎంతోమందిని కలచివేసింది. ఎనిమిదేళ్లకు, 2019 జనవరిలో, అమెరికా అధికారులే వలపన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో మళ్లీ మనవాళ్లే పెద్దసంఖ్యలో చిక్కారు. ఆ పిల్లల్లో మోసపోయినవాళ్లున్నారు, తెలిసి దిగినవాళ్లున్నారు. ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచకూడదు. ఫార్మింగ్టన్ కేసులో దగ్గరి దారి చూపి డబ్బు గుంజిన దళారుల్లో కొందరు కూడా అరెస్టయ్యారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ‘తాపీగా నలిగి నేర్చుకోవడం తిండికి లోటులేనివాళ్లకు చెల్లుతుంది. చెల్లెలి పెళ్లి, పొలం మీద అప్పు, పాసవుట్ అయి రెండేళ్ల గ్యాప్ ఉన్నవాడికి ఆ ఇంటర్వ్యూ ప్రశ్నల కట్టే దిక్కు. నీతులు చెప్పడం సులువు.’ ఈ మాటలో నిజం ఉంది. అందుకే తప్పు ఆ పిల్లవాడిదని నేననను. కానీ ఈ అభ్యంతరం నిజానికి రుజువు చేసేది నా వాదననే. అతన్ని దగ్గరి దారికి తోసింది సోమరితనం కాదు, రెండో కష్టం. గది అద్దె గడియారంలా టిక్కుటిక్కుమంటుంటే మొదటి కష్టానికి ఓపిక ఎక్కడుంటుంది? ఒకటి పెరిగిన కొద్దీ ఇంకొకటి పడే శక్తి తగ్గుతుంది.

దీనికి ఆధారం మన పొరుగునే ఉంది. ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో ప్రచురించిన అధ్యయనం తమిళనాడు చెరకు రైతుల గురించి. అదే రైతును కోతకు ముందు చేతిలో డబ్బాడనప్పుడు ఒకసారి, కోత డబ్బు వచ్చాక ఒకసారి ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో కూర్చోబెట్టారు. కోతకు ముందు స్పష్టంగా వెనకబడ్డాడు. మనిషి అదే, తెలివి అదే. డబ్బు బెంగ బుర్రలో చోటు ఆక్రమించింది. ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్లలో నీళ్ల చారు, నల్లుల మంచం, వరసలో నిలబడే బాత్రూం, నెలాఖరుకు ఇంటికి ఫోన్ చేయలేని మొహమాటం, ఇవన్నీ మనిషిని రాటుదేలుస్తాయని మనం కథలు చెప్పుకుంటున్నాం. అవి చేసే పని బుర్రలో చోటు ఆక్రమించడమే.

‘మరి అవే హాస్టళ్ల నుంచి వెళ్లినవాళ్లే కదా ఇవాళ డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొన్నది? ఆ కసి ఆ గదుల్లోనే పుట్టింది కదా?’ వెళ్లినవాళ్లు నిజం, వాళ్ల పట్టుదల నిజం. కానీ మోటివేషన్ సభల్లో వేదిక ఎక్కేది వాళ్లే. అదే గదిలో అదే చారు తిని, అంతే కసితో చదివి, ఉద్యోగం రాక రాత్రి బస్సెక్కి ఊరికి పోయినవాణ్ని ఏ సభా పిలవదు. ఇద్దరికీ ఒకేలా ఎదురైన కష్టాన్ని ఒక్కడి గెలుపుకు కారణంగా చూపడం తర్కానికి నిలవదు. గెలిచినవాళ్ల మాటలే శ్రద్ధగా వింటే, ఆ గదుల్లో పనికొచ్చింది వేరే అని తెలుస్తుంది. అర్ధరాత్రి దాకా కూర్చుని తప్పు ఎక్కడుందో చూపించిన రూమ్మేటు, తాను ఇంటర్వ్యూకు వెళ్లొచ్చి ఏమేం అడిగారో గదిలో అందరికీ చెప్పిన సీనియర్. అంటే తోడు. పరిశోధన కూడా ఇటే చూపుతోంది. తెలివి పెరుగుతుందన్న నమ్మకం ఉంటే చాలు, అన్నీ వస్తాయన్న ప్రచారాన్ని 2018లో విక్టోరియా సిస్క్ బృందం పాత అధ్యయనాలన్నిటినీ కలిపి పరీక్షిస్తే ఆ ప్రభావం సగటున చాలా చిన్నదని తేలింది. 2019లో డేవిడ్ యీగర్ బృందం అమెరికా హైస్కూళ్లలో చేసిన పెద్ద ప్రయోగంలో ఆ నమ్మకం వెనకబడిన విద్యార్థులకు కొంత మేలు చేసింది. అదీ, చుట్టూ ఉన్న పిల్లలు కష్టమైన లెక్కకు తెగించడాన్ని మెచ్చుకునే బడుల్లో ఎక్కువగా. మనసులో నమ్మకం నాటితే సరిపోదు, అది మొలిచే నేల కావాలి. మోటివేషన్ ఉపన్యాసం ఆ నేల గురించి మాట్లాడదు.

ఆడపిల్లల విషయంలో నేర్పే కష్టానికీ నేర్పని కష్టానికీ ఉన్న తేడా గుర్తించకపోతే నష్టం మరీ ఎక్కువ. నల్గొండ నుంచో అనంతపురం నుంచో వచ్చిన అమ్మాయికి అమీర్‌పేట లేడీస్ హాస్టల్ తన తాళం తన దగ్గరుండే మొదటి చోటు కావచ్చు. తన డబ్బు లెక్క తనే చూసుకోవడం, సంబంధం చూశామని ఫోన్ వస్తే ఇంకో ఆరు నెలలు ఆగమని నాన్నతో చెప్పగలగడం, ఇవి ఇబ్బందికరమైనవే, ఎదిగించేవే. ఆ ఇబ్బందిలో సగం ఇంట్లోవాళ్లది, దాన్ని వాళ్లు పంచుకోవాలి. రాత్రి బ్యాచ్ అయ్యాక సందులో వెంటపడేవాడి భయం మాత్రం ఏ ఎదుగుదలా కాదు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసుల షీ టీమ్స్ మొదలైంది ఆ భయాన్ని భరించడం అమ్మాయిల వంతు కాదని ఒప్పుకున్నందుకే. ‘బయటి లోకం ఇలాగే ఉంటుంది, రాటుదేలాలి’ అనే సలహా ఈ రెండింటినీ కలిపేస్తుంది.

సొంత ఊరే పరాయి కావడమనే మూడో కష్టం గురించి చెప్పడం కష్టం, ఎందుకంటే అది గెలిచినవాళ్లదే. ఇంగ్లండులో కార్మికవాడ నుంచి స్కాలర్‌షిప్‌తో పైకొచ్చిన కుర్రవాడు రెండు లోకాల్లోనూ ఇమడలేకపోవడాన్ని 1957లోనే రిచర్డ్ హాగర్ట్ వర్ణించాడు. మనవాళ్లకు అది యాసతో మొదలవుతుంది. కరీంనగర్ యాసో, చిత్తూరు యాసో, శ్రీకాకుళం యాసో నోట్లోంచి జారితే చిన్నబోవడం నేర్పేది కూడా ఈ కమ్యూనికేషన్ స్కిల్స్ తరగతులే. మాట మారడం తప్పకపోవచ్చు, సిగ్గుపడటం ఎందుకు తప్పదో నాకర్థం కాదు. పైకొచ్చినవాడి మీద ఇంటి లెక్కలు వేరే. షియాంగ్ బియావో 2007లో వచ్చిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ పుస్తకంలో, తెలుగు కుటుంబాల్లో సాఫ్ట్‌వేర్ శిక్షణకూ విదేశీ ప్రయాణానికీ కట్నం డబ్బు ఎలా పెట్టుబడి అయిందో చూపాడు. ఒక కుర్రవాడి ఎదుగుదలకు ఎవరి ఇంటి ఆడపిల్ల పేరున డబ్బు కదిలిందో అతనికి తెలుసు. ఆ బరువు మోసేవాడు అలసిపోయాననడానికి కూడా సంకోచిస్తాడు. కుటుంబాన్ని వదిలేయమని చెప్పే పడమటి వ్యక్తిత్వ వికాస పుస్తకాలు అతనికి పనికిరావు, కుటుంబం కోసం అన్నీ దిగమింగమనే మన సలహాలూ పనికిరావు. ఎదగడంలో కొంత పోగొట్టుకుంటామనీ, దానికి బాధపడటం కృతఘ్నత కాదనీ పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పడం ఎంతో మేలు.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ మళ్లీ కదులుతున్నాయి. 2020 తర్వాత చాలా బ్యాచ్‌లు ఆన్‌లైన్‌కు వెళ్లాయి. కృత్రిమ మేధ ప్రోగ్రామ్ రాసిపెడుతోంది, సెల్ఫ్ ఇంట్రడక్షనూ రాసిపెడుతోంది. అంటే, జిరాక్స్ షాపు ఇన్నాళ్లూ అమ్మింది ఇప్పుడు దాదాపు ఊరకే దొరుకుతోంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఆ దారి మీద ఆశ పెట్టుకున్నవాళ్లు పునరాలోచనలో పడ్డారు. ఈ పరిస్థితిలో అమీర్‌పేట అమ్మగలిగిన విలువైన సరుకు ఒకటే మిగిలింది: తప్పు చేస్తున్నప్పుడు పక్కన కూర్చునే మనిషి. రెండు వందల మంది బ్యాచ్‌లో అది కుదరదు, ఇరవై మంది బ్యాచ్‌లో ఫీజు పెరుగుతుంది. ఆ పెరిగిన ఫీజు కట్టలేని పిల్లవాడికి సాయం ఎక్కడ అందాలన్నదే ప్రశ్న. నైపుణ్య శిక్షణ కోసం 2014లో టాస్క్ అనే సంస్థనూ, 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీనీ పెట్టుకున్న తెలంగాణ, కోర్సు ఒక్కటే చూసి ఊరుకోకుండా, కోర్సు జరిగే ఆరు నెలల గది అద్దె, భోజనం కూడా శిక్షణలో భాగమని లెక్కవేయాలి. నాలుగేళ్ల ఫీజును భరించిన ప్రజాధనం, ఆ డిగ్రీ ఉద్యోగంగా మారే చివరి ఆరు నెలల్లో చేయి వదిలేస్తే ముందు పెట్టినదంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది. అంత సుఖం ఇస్తే పిల్లలు చదవరంటారు కొందరు. ఇదే మాట ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించీ అన్నారు, సంక్షేమ హాస్టళ్ల గురించీ అన్నారు. తిండికీ నిద్రకూ లోటులేని పిల్లవాడి ముందు కూడా ఖాళీ తెర ఖాళీగానే ఉంటుంది. అతను పడాల్సిన కష్టం అక్కడ బోలెడు మిగిలే ఉంటుంది.